సైట్ అడ్డదిడ్డంగ కనవడ్తుందా? ముందుగాల హిస్టరీ జోలికి పోకున్రి

హన్మకొండల నెట్ సెంటర్ నడిపేటోళ్లకు ఎండలు జర తగ్గంగనే సీజన్ షురూ అయితది. ఎంసెట్ కౌన్సెలింగ్ (పేరు ఎప్‌సెట్ అయినా మా గిరాకీలకు ఇంకా ఎంసెటే), డిగ్రీ అడ్మిషన్లు, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) పరీక్ష ఫీజులు, నడుమ ఏదన్న నోటిఫికేషన్ పడ్డదంటే ఇగ చాయ్ తాగే టైం గూడ దొరకది. వచ్చినోళ్లల్ల సగం మందిది ఒకటే మాట, "అన్నా ఇంట్ల సైట్ సక్కగ వస్తలేదు". వస్తలేదంటే ఏమైతుంది తమ్మీ, తెల్లగ ఉంటుందా, డబ్బాలు వస్తున్నయా, బటన్ కనవడ్తలేదా అని అడిగితే "ఏమో అన్నా అంత ఆగమాగం ఉంది" అంటరు. మరి ఏం చేసినవ్ అంటే యూట్యూబ్ల ఎవడో చెప్పిండని హిస్టరీ, కుకీలు, పాస్‌వర్డ్‌లు అన్నిటికి టిక్ పెట్టి ఆల్ టైం అని డిలీట్ కొట్టిన అంటరు.

గీ అలవాటు మీదనే నా లొల్లి. డిలీట్ బ్రౌజింగ్ డేటా అన్నది చివరాఖరికి చేసే పని, మొదలు చేసే పని కాదు. కుకీలు పోతే అన్ని సైట్లల్ల లాగవుట్ అయితవ్, వాట్సాప్ వెబ్ గూడ పోతది, మళ్ల ఫోన్ తీసి స్కాన్ చెయ్యాలె. పాస్‌వర్డ్‌ల గడికి గూడ టిక్ పెట్టి, క్రోమ్ల సింక్ ఆన్ ఉన్నదనుకో, కంప్యూటర్ల కొట్టిన డిలీట్ ఫోన్ల గూడ కొట్టినట్టే. ఇంత చేసినంక గూడ సైట్ గట్లనే అడ్డదిడ్డంగ ఉంటది, ఎందుకంటె చానసార్లు దాని జబ్బు క్యాషేల (బ్రౌజర్ దాసిపెట్టుకున్న పాత ఫైళ్లల్ల) లేనే లేదు.

నేను ముందుగాల అడిగేది ఒక్కటే. ఒక్క సైటే గిట్లున్నదా, అన్ని సైట్లు గిట్లనే ఉన్నయా? ఒక్క సైటే అయితే అదే సైట్ ఇంకో బ్రౌజర్ల, ఫోన్ డేటా మీద ఎట్ల కనవడ్తుందో చూడున్రి. ఫోన్ల గూడ అట్లనే ఉంటే తప్పు సైటోళ్లది, నువ్వు నెత్తి కొట్టుకున్నా ఏం కాదు, రాత్రి పన్నెండు దాటినంక మళ్ల చూసుకోవాలె అంతే. అన్ని సైట్లు గట్లనే ఉంటే తప్పు నీ బ్రౌజర్లనో కంప్యూటర్లనో ఉన్నట్టు. గీ రెండు సంగతులు తెలుసుకునుడుకు రెండు నిమిషాలు పట్టది, గాని ఎవ్వలు చెయ్యరు.

తర్వాత ఇన్‌కాగ్నిటో. దీన్ని మనోళ్లు వేరే పనులకే అనుకుంటరు గాని రిపేరోనికి ఇది పెద్ద ఆయుధం. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటది, అండ్ల పాత కుకీలు ఉండయి, పాత క్యాషే వాడది, ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్ల మనం ఎక్కించుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములు) గూడ మనం కావాలని పర్మిషన్ ఇస్తే తప్ప పనిచెయ్యయి. అంటే అండ్ల సైట్ మంచిగ వచ్చిందంటే అసలు సైట్ మంచిదే, నెట్ మంచిదే, కంప్యూటర్ మంచిదే, ఇగ తప్పు ఎక్స్‌టెన్షన్లదన్న కావాలె, ఆ సైట్ పాత కుకీలదన్న, పాత క్యాషేదన్న కావాలె. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటి బందు పెట్టుకుంట పేజీ రీలోడ్ చేస్తుంటే దొంగ దొరుకుతడు. యాడ్ బ్లాకరే ఎక్కువసార్లు దొరుకుతది, దాని పేరు తప్పు గాదు, యాడ్ అనుకోని ఫీజు కట్టే కిటికీని గూడ మూసేస్తది. కూపన్లు వెతికేటివి, పీడీఎఫ్ మార్చేటివి, ఎవరు ఎక్కించిన్రో తెల్వని సెర్చ్ బార్లు, గివి దొరికితే నేను అడగకుండనే తీసేస్త.

ఎక్స్‌టెన్షన్ గాకుంటే ఆ ఒక్క సైట్ డేటానే తీసెయ్యొచ్చు. అడ్రస్ పక్కకు చిన్న గుర్తు ఉంటది, దాన్ని నొక్కితే కుకీస్ అండ్ సైట్ డేటా అని వస్తది, అండ్లకెళ్లి ఆ సైట్‌వి మాత్రమే డిలీట్ చేస్తే మిగతా సైట్లల్ల నీ లాగిన్లు అట్లనే ఉంటయి. దానికంటే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కొట్టి చూడున్రి, ఉత్త రీలోడ్ వేరు ఇది వేరు, ఇది కొడితే క్యాషేల దాసుకున్న పాత ఫైళ్లను పక్కకు పెట్టి సైట్ కాడికెళ్లి కొత్తవి తెచ్చుకుంటది. సైటోళ్లు డిజైన్ మార్చిన కొత్తల పాత ఫైళ్లు, కొత్త ఫైళ్లు కలగలిసి పేజీ చిందరవందర అయిన కాడ గిదొక్కటే సరిపోతది.

కొన్నిసార్లు పేజీ మొత్తం తెల్లగ, ఎడమ పక్కకు ఒత్తుకొని, నీలం రంగు లింకులు ఒకదాని కింద ఒకటి, నడుమ నల్ల చుక్కలు, ఒక్క రంగు లేదు ఒక్క డబ్బా లేదు, గట్ల వస్తది. జనం గిది చూసి వైరస్ అనుకుంటరు. వైరస్ కాదు ఏం కాదు, పెండ్లికి చుట్టాలు వచ్చిన్రు గాని టెంటోడు రాలే, గంతే. అక్షరాలున్న హెచ్‌టీఎంఎల్ ఫైల్ వచ్చింది, రంగులు కొలతలు చెప్పే సీఎస్ఎస్ ఫైల్ రాలే. ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే ఎఫ్12 కొట్టి కన్సోల్ అన్న దగ్గర ఎర్ర గీతలు సదువున్రి, భయపడేదేం లేదు. 404 అని ఉంటే ఆ ఫైల్ సైట్ల లేనే లేదు, సైటోళ్లు చూసుకోవాలె. బ్లాక్డ్ బై క్లయింట్ అని ఉంటే నీ యాడ్ బ్లాకరే ఆపింది. మిక్స్‌డ్ కంటెంట్ అని ఉంటే పేజీ హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన తొవ్వ) మీద వచ్చింది గాని లోపల సీఎస్ఎస్‌ను పాత హెచ్‌టీటీపీ అడ్రస్‌కెళ్లి తెప్పిస్తున్నరు, అట్లాంటిదాన్ని బ్రౌజర్ లోపలికి రానియ్యది. చిన్న చిన్న కాలేజీల సైట్లల్ల గిది మస్తు చూసిన, ఎస్ మర్చిపోయి ఏండ్ల సంది అట్లనే వదిలేస్తరు.

జూమ్ సంగతి. పోయిన వానకాలంల ఒక పెద్దమనిషి లాప్‌టాప్ చంకల పెట్టుకోని వచ్చిండు, పర్వతగిరి దిక్కు ఊరు. "బిడ్డా, గీండ్ల పొలం కాయిదం కోసం అంత నింపిన, కింద సేవ్ బటన్ లేకనే పాయె" అన్నడు. చూస్తే నిజంగనే లేదు, నడుమ ఒక కిటికీ తెరుచుకుంటది, దాని కింది అంచు స్క్రీన్ కిందికి పోయింది, కిందికి జరుపుదామంటే స్క్రోల్ గాదు. ఆ లాప్‌టాప్ స్క్రీన్ 1366 బై 768, మనోళ్ల దగ్గర ఎక్కువ ఉండేటివి గివే. విండోస్ల స్కేల్ 125 శాతం పెట్టి ఉంది, అక్షరాలు పెద్దగ కనవడాలని ఆయన కొడుకు పెట్టిండంట. అంటే సైట్‌కు దొరికే జాగ ఉత్తగ 1093 బై 614 అన్నట్టు, అండ్లకెళ్లి పైన టాబ్‌లు, అడ్రస్ బార్, కింద టాస్క్‌బార్ పోంగ ఇంకేం మిగుల్తది. ఆ సైట్ చేసినోడు పెద్ద మానిటర్ ముంగట కూసోని చేసి ఉంటడు. కంట్రోల్, మైనస్ రెండు మూడు సార్లు కొట్టంగనే బటన్ పైకొచ్చింది. "గింతేనా" అని ఆయన నన్ను జర అనుమానంగ చూసిండు, గింత చిన్నదానికి పైసలు అడుగుతనేమో అని. అడగలేదు లే.

జూమ్ తోని ఇంకో తిరకాసు ఏందంటే క్రోమ్ ఒక్కో సైట్‌కు ఒక్కో జూమ్ యాది పెట్టుకుంటది. కంట్రోల్ మీద చెయ్యి ఉన్నప్పుడు మౌస్ చక్రం తిరిగిందంటే ఆ సైట్ ఒక్కటే పెద్దగనో చిన్నగనో అయ్యి కూసుంటది, రేపు తెరిచినా అట్లనే ఉంటది, మిగతావన్ని మంచిగనే ఉంటయి కాబట్టి సైటే ఖరాబ్ అయ్యిందనుకుంటం. కంట్రోల్, సున్న కొడితే మళ్ల 100 అయితది. ఫోన్లల్ల అయితే డార్క్ మోడ్ ఒకసారి చూడున్రి, కొన్ని ఫోన్లు సైట్ వద్దన్నా బలవంతంగ నలుపు చేస్తయి, కాప్చా బొమ్మల నల్ల అక్షరాలు ఎనుక నలుపుల కలిసిపోయి ఖాళీ డబ్బా లెక్క కనవడ్తది. ఎంతమంది కాప్చా వస్తలేదని తిట్టుకుంట కూసున్నరో.

ఇగ అసలు నాకు ఇష్టమైన భాగం తెలుగు. ఇంగ్లీష్ల సైట్ రాసేటోనికి ఈ తిప్పలు తెల్వయి.

తెలుగు పేజీ ఖరాబ్ కనవడితే ఎట్ల ఖరాబ్ అయ్యిందో జర ధ్యానంగ చూడాలె, ఎందుకంటె ఖరాబ్ అయిన తీరే తప్పు ఎక్కడుందో చెప్తది. ఉత్త ఖాళీ డబ్బాలు వరుసగ వచ్చినయంటే అక్షరాలు సరిగ్గనే వచ్చినయి, నీ కంప్యూటర్ల తెలుగు ఫాంట్ లేదు. ఇప్పుడు గిది తక్కువయింది, విండోస్ ఎక్స్‌పీ కాలంల గౌతమి ఉండేది, విండోస్ 7ల వాణి వచ్చింది, 8 కాడికెళ్లి నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్ల నోటో ఫాంట్ ఉంటది. అంతకు ముందల తెలుగు సదవాలంటే మనమే ఫాంట్ తెచ్చి ఎక్కించుకునేది, తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన 2000, వేమన 2000 అని రెండు ఫాంట్లు చేసి ఉత్తగనే ఇచ్చిన్రు, పోతన అంటే మన పాలకుర్తి కాడి బమ్మెర పోతనే, ఆ పేరు చూసినప్పుడల్లా నాకు జర గర్వంగనే ఉంటది. ఇప్పుడు విండోస్ 10, 11ల గౌతమి, వాణి మొదలే ఎక్కి ఉండయి, ఆప్షనల్ ఫీచర్లల్ల తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వేరేగ ఎక్కించుకోవాలె, పాత ఫైళ్లు వాటి తీరు కనవడకుంటే గదే కారణం.

డబ్బాలు గాకుండ, ఇంగ్లీష్ చిన్న ఏ అక్షరం మీద వంకర గీత, దాని పక్కకు డిగ్రీ సున్ననో లేకుంటే ప్లస్ కింద మైనస్ గుర్తో, తర్వాత ఇంకేదో పిచ్చి గుర్తు, మళ్ల అదే ఏ, అదే సున్న, గిట్ల లైన్ మొత్తం వస్తే ఫాంట్ తప్పు కాదు, ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ల నంబర్లుగ దాసే పద్ధతి) తప్పు. ఎందుకు అదే గుర్తు మళ్ల మళ్ల వస్తదంటే, యూనికోడ్ల (అన్ని భాషల అక్షరాలకు ఒక్కో నంబర్ ఇచ్చే పట్టికల) తెలుగుకు 128 గళ్ల జాగ ఇచ్చిన్రు, యూటీఎఫ్-8 తీరుగ రాస్తే ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడ్తయి, అండ్ల మొదటి బైటు అన్నిటికి ఒక్కటే, రెండోది రెండిట్ల ఏదో ఒకటి, మూడోది మాత్రమే మారుతది. బ్రౌజర్ వాటిని ఇంగ్లీష్ లెక్క ఒక్కో బైటుకు ఒక్కో అక్షరం అని సదివిందనుకో, మొదటి బైటు వంకర గీత ఏ అయితది, రెండోది డిగ్రీ గుర్తన్న అయితది ప్లస్ మైనస్ అన్న అయితది. గీ లెక్క సమజ్ అయినంక ఆ పిచ్చి గీతలు చూడంగనే "ఇది తెలుగే, పాడు గాలే" అని చెప్పొచ్చు. ఫైర్‌ఫాక్స్ల వ్యూ మెనూల రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ అని ఉంటది, అది నొక్కితే చానసార్లు సాఫ్ అయితది. క్రోమ్ల పాతకాలపు ఎన్‌కోడింగ్ మెనూ తీసేసి ఏండ్లయింది. సర్కారు బడి సార్లు పిల్లల పేర్ల సీఎస్‌వీ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్ల తెరిచి పేర్లు పోయినయని వస్తరు గదా, గది గూడ గిదే కథ, డబుల్ క్లిక్ వద్దు, ఎక్సెల్ల డేటా అన్న దగ్గరికెళ్లి టెక్స్ట్ ఫైల్ తెచ్చుకోని 65001 యూటీఎఫ్-8 ఎంచుకోవాలె.

మూడో రకం, సక్కటి ఇంగ్లీష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలిపి ఎవడో కీబోర్డ్ మీద పిడికిలి గుద్దినట్టు వస్తది. గది మన ప్రింటింగ్ ప్రెస్సుల పుణ్యం. చౌరస్తాల ఏ పెండ్లి కార్డోళ్ల దగ్గరికి పో, మేడారం జాతర బ్యానర్ కొట్టేటోళ్ల దగ్గరికి పో, వాళ్లంత అను ఫాంట్ల మీదనే కొడ్తరు. అవి చూపుకు మంచిగుంటయి, నేను కాదన, గాని వాటి లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీష్ గుర్తుల జాగల తెలుగు బొమ్మలు కూసోబెట్టిన్రు. ఆ ఫైల్‌కెళ్లి కాపీ కొట్టి సైట్ల పెడితే ఆ ఫాంట్ లేనోనికి పిచ్చి రాతే కనవడ్తది. ఒకప్పుడు తెలుగు పేపర్ల సైట్లు గూడ గిట్లనే సొంత ఫాంట్లతోని నడిచినయి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ల మాత్రమే కనవడేటివి, ఫైర్‌ఫాక్స్ల సదవాలంటే పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే అది యూనికోడ్‌కు మార్చి చూపెట్టేది. దీనికి బ్రౌజర్ల మందు లేదు, కన్వర్టర్ల పెట్టి మార్చుకోని ఒత్తులు ఒకసారి కండ్లతోని చూసుకోవాలె.

ఒత్తులు అంటే యాదికొచ్చింది. గీ మధ్య ఎక్కువ కనవడే జబ్బు గిదే, దీన్ని జనం జబ్బు అని గూడ గుర్తు పట్టరు. ఒక టీచరమ్మ వచ్చి "తమ్మీ వీళ్లకు మన ఊరి పేరు రాసుడే వస్తలేదు సూడు" అని ఫోన్ చూపెట్టింది, ఒక సైట్ల పెద్ద అక్షరాల హెడ్డింగ్, "హనకొండ" అని ఉంది. అక్కా వాళ్లు మంచిగనే రాసిన్రు అని ఆ మాట మీద ఏలు పెట్టి కాపీ చేసి వాట్సాప్ల పేస్ట్ చేస్తే హన్మకొండ అని మ ఒత్తుతోని సక్కగ వచ్చింది. సంగతేందంటే ఇంగ్లీష్ అక్షరాలకు కింద ఎక్కువ జాగ అక్కరలేదు, మనకు న కింద మ వేలాడ్తది, రాష్ట్రం అంటే ష కింద ట, దాని పక్కకు ర. డిజైన్ చేసినోడు లైన్ ఎత్తు ఇంగ్లీష్ లెక్కన బిర్రుగ పెట్టి, డబ్బా దాటిందాన్ని దాచెయ్యి అని రాసిండంటే మన ఒత్తులన్ని కిందికెళ్లి కత్తిరించినట్టు అయితయి. కొత్త కొత అయితది, పద్మ పద అయితది. సదివేటోళ్లుగ మనం చేసేది ఏం లేదు, కాపీ చేసి ఇంకో కాడ పేస్ట్ చేసి చూసుకునుడే, రీడర్ మోడ్ (డిజైన్ తీసేసి ఉత్త రాత చూపెట్టేది) ఉంటే అండ్ల సదువుకునుడే. గాని సైట్లు చేసే పిలగాండ్లు ఇది సదివితే ఒక్క మాట, లైన్ హైట్ 1.6 పైన పెట్టున్రి, అక్షరాల నడుమ సందు పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగుకు వాడకున్రి, మీ పేజీని ఒకసారి "లక్ష్మి", "స్త్రీ", "రాష్ట్రం" అని రాసి చూసుకోని పంపున్రి.

తెలుగు ఒత్తులను పేర్చుడు బ్రౌజర్‌కు ఎంత కష్టమో తెలవాలంటే 2018 ఫిబ్రవరి సంగతి ఉంది గదా. జ్ఞా అన్న అక్షరం ఒకటి, నడుమ కంటికి కనవడని ఒక నాన్-జాయినర్ గుర్తుతోని (అక్షరాలు కలవకుండ ఆపేది), మెసేజ్ల వస్తే ఐఫోన్ యాప్‌లు ధడేల్మని బందయ్యేటివి. ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసిన్రు. అప్పట్ల ఐఫోన్ ఉన్న దోస్తులకు కావాలని ఆ అక్షరం పంపిన సన్నాసులు చానమంది ఉన్నరు.

ట్రాన్స్‌లేట్ గురించి గూడ చెప్పాలె. క్రోమ్ "ఈ పేజీని తెలుగుల చూస్తరా" అని అడిగితే అవునంటరు, తప్పేం లేదు సదువుకునేదానికి. ఫారం నింపేటప్పుడు మాత్రం బందు పెట్టున్రి. అది పేజీల మాటలన్నిటిని తీసి తన డబ్బాలల్ల పెట్టి మళ్ల అతికిస్తది, రియాక్ట్ లాంటి ప్రోగ్రామింగ్ సామానుతోని చేసిన సైట్లు తాము పెట్టిన మాట తాము పెట్టిన జాగల లేదని గాబరా పడి మొత్తం పేజీనే తెల్లగ చేస్తయి. సబ్మిట్ కొట్టంగనే పేజీ తెల్లగయితుందంటే ముందుగాల మళ్ల ఇంగ్లీష్ చేసి చూడున్రి.

స్క్రీన్ మీద గీతలు, నల్ల ముక్కలు, వీడియో పచ్చగ వచ్చుడు, స్క్రోల్ చేస్తే మెరుసుడు, గివి వేరే ఖాతా. దీనికి నేను చేసే పరీక్ష, స్క్రీన్‌షాట్ తీసి దాన్ని ఇంకో ఫోన్ల చూసుడు. స్క్రీన్‌షాట్ల గీతలు ఉంటే దాదాపుగ బ్రౌజర్‌దో గ్రాఫిక్స్ డ్రైవర్‌దో తప్పు, స్క్రీన్‌షాట్ సాఫ్ ఉండి స్క్రీన్ మీద మాత్రమే కనవడ్తే డిస్‌ప్లేదో కేబుల్‌దో, ఇగ నా దగ్గరికి కాదు హార్డ్‌వేరోని దగ్గరికి పోవాలె. మొదటిదయితే క్రోమ్ సెట్టింగ్స్ల సిస్టం అన్న దగ్గర గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ బందు పెట్టి మళ్ల తెరిచి చూడున్రి, మంచిగయితే డ్రైవర్ అప్‌డేట్ చేసుకోవాలె, అయినంక మళ్ల ఆన్ పెట్టుకోవచ్చు.

పాత కంప్యూటర్ల సంగతి చెప్పకుంటే ఊర్లకెళ్లి వచ్చేటోళ్లకు ఏం లాభం లేదు. విండోస్ 7, 8ల మీద క్రోమ్ 109 తోనే ఆగిపోయింది, అది 2023 జనవరి ముచ్చట. కొత్త సైట్లల్ల రాసే కొత్త సీఎస్ఎస్ దానికి సమజ్ గాదు, డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసుంటయి, ఎన్నిసార్లు క్యాషే తుడిచినా ఏం ఫాయిదా. ఆ మిషన్లే వాడాలంటే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేసుకోవచ్చు, జర మేలు. పాత టెండర్ సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలంటే దాన్ని 2022 జూన్ 15న బందు పెట్టిన్రు, ఇప్పుడు ఎడ్జ్ల ఐఈ మోడ్ అని ఉంటది, అండ్ల తెరవాలె. ఇంకొకటి, పాత డెస్క్‌టాప్ తెరిస్తే ప్రతి సైట్ "కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగ చూపెడ్తుందంటే కింద మూలకు తారీఖు చూడున్రి. మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంట్ పోయినప్పుడల్లా తారీఖు ఎనుకకు పోతది, ఆ లెక్కన సైట్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, బ్రౌజర్ ఎట్ల నమ్ముతది. ఆ బిళ్ల ఏ వాచీల దుకాణంల అయినా దొరుకుతది.

ఇగ ప్రింట్. స్క్రీన్ మీద అంత మంచిగుండి హాల్ టికెట్ ప్రింట్ల రంగు డబ్బాలు, లోగో రాలేదంటే కంట్రోల్, పీ కొట్టినంక మోర్ సెట్టింగ్స్ల బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ పెట్టలేదన్నట్టు. కుడి పక్క కోసుకపోతే స్కేల్ 80కి తగ్గియ్యున్రి. ఫొటో ఉండాల్సిన జాగ ఖాళీగ వస్తే ముందు పేజీని కింది దాక ఒకసారి స్క్రోల్ చెయ్యున్రి, కొన్ని సైట్లు మనం అక్కడి దాక పోతే గాని బొమ్మ తెప్పియ్యయి. ముందుగాల సేవ్ యాజ్ పీడీఎఫ్ కొట్టి అండ్ల ఫొటో, సంతకం, బార్‌కోడ్ మూడు కనవడ్తున్నయా లేదా చూసుకోని అప్పుడు ప్రింటర్‌కు పంపున్రి, కలర్ ప్రింట్ అయితే మరీను.